లండనులో నేల టిక్కెట్టు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, పత్రిక మొహం మీద కప్పుకొని నడుం వాల్చానో లేదో, వీధి తలుపు చప్పుడయింది. వచ్చినవారు మా వీధి చివరింటి ఆవిడా, వారి అమ్మాయీ. ఆ అమ్మాయి ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదువుకొంది. తరవాత ఇంజనీరింగు చేసింది. ఇప్పుడు పై చదువుకి మాంచెస్టరు వెళుతోందట. చెప్పిపోదామని వచ్చారు.

"ప్రెషర్ కుక్కరు సర్దాం. ఆవకాయా, గోంగూరా సీసాల మూతలు బిగించి సంచుల్లో చుట్టాం. కందిపొడి, కారప్పొడి, చలికోటు, జ్వరం బిళ్ళలు... అన్నీ అయ్యాయి మేష్టారూ! మీరు ఆ దేశంలో ఉండి వచ్చినవారు గదా, మేం మరిచిపోయినవి ఏమైనా ఉంటే చెప్పండి" అన్నారావిడ.

నేను కాస్సేపు ఆలోచించి, "వీలు చూసుకొని నాటకాలకీ, సంగీత కచేరీలకీ వెళుతూండమ్మా. డబ్బు చాలదని మానెయ్యకు. అన్నిటికన్న చవక టిక్కెట్టేదో కనుక్కొని, అవసరమైతే నిలబడైనా చూడు. మాంచెస్టరులో హాలే ఆర్కెస్ట్రా అని ఉంది. 1858 నుంచి వాయిస్తున్నారు" అన్నాను.

బాంకిలో అప్పు చేసి పంపుతున్న పిల్లకు చెప్పవలసిన మాట ఇదా అన్నట్టు తల్లిగారు నా వంక చూశారు. వంటింట్లోంచి మా ఆవిడ అందుకొంది: "ఆయన మాటలకేంగాని వదినగారూ, చేతులకి ఉన్ని తొడుగులు పెట్టారా లేదా?"

అమ్మాయి నవ్వి ఊరుకొంది. ఇంతలో దాని చూపు గోడవార ఉన్న పాత చెక్కపెట్టె మీద పడింది. దానిమీద మా ఇంట్లో ఎప్పుడూ చాకలి పద్దు పుస్తకమూ, పాత పత్రికలూ ఉంటాయి. "ఇది హార్మోనియం కదూ మేష్టారూ? మీరు వాయిస్తారా?" అని అడిగింది.

"నాకు రాదమ్మా. అది మా మామయ్యది. ఆయన 2014లో పోయాడు" అన్నాను.

ఆ పెట్టెకీ, నేను లండనులో చూసిన నాటకానికీ ఒక సంబంధం ఉంది. ప్రయాణపు హడావుడిలో ఉన్న పిల్లకు అదంతా ఏం చెబుతాను? మీకు చెబుతాను, వినండి.

* * *

2009 సెప్టెంబరులో భాషాశాస్త్రం చదువుకోవడానికి ఏడాదిపాటు లండను వెళ్ళాను. "తెలుగు యం.ఏ. వాడికి లండనులో ఏం పని?" అని మా బంధువులు చాలామంది అడిగారు. ఇప్పటికీ కొందరు అడుగుతూనే ఉన్నారు. ఏమైతేనేం, ఉపకార వేతనం దొరికింది, వెళ్ళాను. అప్పుడు నాకు ముప్పయ్యేళ్ళు. అప్పటికే అధ్యాపకుణ్ణి. మళ్ళీ విద్యార్థిగా బెంచీమీద కూచోవడం తమాషాగానే ఉండేది.

కొత్తగా వెళ్ళిన మనవాళ్ళందరికీ ఉండే జబ్బే నాకూ పట్టుకొంది. ప్రతి పౌనునీ రూపాయిల్లోకి మార్చి చూసుకోవడం! అప్పట్లో పౌనుకి డెబ్భై రూపాయిలు. కాఫీ తాగబోతే నూటయాభై రూపాయిలు కళ్ళముందు నిలిచేవి. కాఫీ మానేసేవాణ్ణి. నాటకశాలల ముందునించి నడిచి వెళుతూ, బయట వేలాడగట్టిన బొమ్మలు చూసి, టిక్కెట్ల ధర చూసి, మనది కాదులే అనుకొని వచ్చేసేవాణ్ణి. చలికాలమంతా గదీ, గ్రంథాలయమూ, పప్పన్నమూ. అంతే.

వేసవి వచ్చాక నాతో చదువుకొనే ఒక ఇటలీ అమ్మాయి, థేమ్సు ఒడ్డున ఉన్న గ్లోబు నాటకశాలలో నిలబడి చూసేందుకు 5 పౌన్లేనని చెప్పింది. 350 రూపాయిలు! వారం రోజులు కూరలు తగ్గిస్తే సరిపోతుందని లెక్క వేసుకొని బయలుదేరాను.

గ్లోబు సంగతి మీలో చాలామంది ఎరిగినదే. షేక్స్పియరు నాటకాలు ఆడిన మొదటి గ్లోబును 1599లో కట్టారు. 1613లో ఎనిమిదో హెన్రీ నాటకం ఆడుతూ ఫిరంగి పేలిస్తే, నిప్పురవ్వ పైకప్పు గడ్డిమీద పడి శాల మొత్తం తగలబడిపోయింది. ప్రాణనష్టం లేదు గాని ఒకాయన లాగు అంటుకొంటే బీరు పోసి ఆర్పారట. మరుసటేడు మళ్ళీ కట్టారు. 1642లో నాటకాలే కూడదని ప్రభుత్వం నిషేధిస్తే మూతపడింది. 1949లో శామ్ వానమేకర్ అనే అమెరికా నటుడు ఆ చోటు చూద్దామని వస్తే, గోడకి ఒక పలక తప్ప ఏమీ కనిపించలేదు. ఆయనకి మనసు కష్టపెట్టుకొంది. జీవితంలో సగం ఆ పనికే ధారపోశాడు. 1993లో ఆయన పోయాడు. 1997లో కొత్త గ్లోబు తెరిచారు. ఓక్ కలపతో గుండ్రంగా కట్టి, పైన రెల్లు కప్పారు. 1666లో లండను నగరం తగలబడిన తరవాత అక్కడ అలాంటి కప్పుకి అనుమతి ఇవ్వడం ఇదే మొదలట.

మధ్యలో ఆరుబయలు. వేదికని ఆనుకొని 700 మంది నిలబడవచ్చు. వానొస్తే తడవవలసిందే, గొడుగు తెరవనివ్వరు. కాళ్ళు లాగుతున్నాయని చతికిలబడబోతే అక్కడి మనిషి వచ్చి మర్యాదగా లేపుతాడు. షేక్స్పియరు నాటికి ఈ చోటు ధర ఒక్క పెన్నీ. పైన బల్లమీద కూచోవాలంటే మరొకటి, మెత్త కావాలంటే ఇంకొకటి. అంటే ఏమిటన్నమాట? మనం టూరింగు టాకీసుల్లో ఎరిగిన నేల టిక్కెట్టే! గ్లోబుకి దగ్గర్లోనే ఉన్న రోజ్ నాటకశాల పునాదులు 1989లో తవ్వితే, నేలంతా హేజెల్ అనే కాయల పెంకులు దొరికాయి. నాలుగు వందల ఏళ్ళనాటి ప్రేక్షకులు తిని పారేసినవేనని కొందరంటారు. మన ఊళ్ళో నాటకం మర్నాడు పొద్దున్న పందిట్లో వేరుసెనక్కాయ పొట్టు ఊడ్చినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

నేను చూసింది నాలుగో హెన్రీ, మొదటి భాగం. షేక్స్పియరు తెలుగువాళ్ళకి కొత్తవాడేం కాదు. వీరేశలింగం పంతులుగారు ఆయన నాటకం ఒకదాన్ని చమత్కార రత్నావళి పేరుతో ఏనాడో మనకిచ్చారు. కాని నాకు ఆయన క్లాసులో అప్పజెప్పిన పాఠంగానే తెలుసు. ఇక్కడ చూస్తే జనం పడీపడీ నవ్వుతున్నారు! యువరాజు హాల్ రాజభవనం వదిలి కల్లుపాకల్లాంటి చోట్ల తిరుగుతూంటాడు. వాడి నేస్తం ఫాల్‌స్టాఫ్. బానపొట్ట, నోటినిండా కోతలు, ఒంటినిండా అప్పులు. మన గిరీశంగారికి పెదనాన్న వరస అవుతాడు. తాను ఇద్దరు దొంగలతో పోరాడానని మొదలుపెట్టి, చెబుతూ చెబుతూనే వాళ్ళని నలుగురు, ఏడుగురు, తొమ్మండుగురు, పదకొండుగురు చేస్తాడు. ఆ వేషం వేసిన రోజర్ ఆలమ్ ఆ అంకెలు పెంచుకొంటూ పోతూంటే, నా పక్కనున్న కూలీ పనివాడులాంటి మనిషి నా భుజం పట్టుకొని మరీ నవ్వాడు. ఆ నటులు జనం మొహాల్లోకి చూసి మాట్లాడుతున్నారు. జనం తిరిగి అరుస్తున్నారు. నేను ఏడు సముద్రాల అవతల ఉన్నానన్న సంగతే మరిచిపోయాను. తెనాలి దగ్గర మా ఊళ్ళో, శ్రీరామనవమి పందిట్లో, చాపమీద కూచొన్నట్టే ఉంది.

ఆ పోలిక రాగానే మామయ్య గుర్తుకు వచ్చాడు. వెంటనే ఆ తలపుని పక్కకు నెట్టేశాను. ఎందుకో తరవాత చెబుతాను.

* * *

నాటకం రుచి మరిగాక సంగీతం మీదికి మళ్ళింది మనసు. జూలై మధ్యనుంచి సెప్టెంబరుదాకా రాయల్ ఆల్బర్ట్ హాలులో రోజూ కచేరీలు. వాటిని ప్రామ్స్ అంటారు. 1871లో తెరిచిన ఆ హాలులో 5 వేల పైచిలుకు జనం పడతారు. మధ్యనున్న నేలమీదా, పైన గాలరీలోనూ వెయ్యిమందికి పైగా నిలబడి వింటారు. అక్కడా అప్పట్లో 5 పౌన్లే. ఇప్పుడు కాస్త పెరిగింది.

ఈ ఏర్పాటు వెనుక ఒక మంచి ఉద్దేశం ఉంది. 1895లో రాబర్ట్ న్యూమన్ అనే నిర్వాహకుడు, హెన్రీ వుడ్ అనే కుర్ర సంగీతజ్ఞుణ్ణి పిలిచి క్వీన్స్ హాలులో ఈ కచేరీలు మొదలుపెట్టాడు. పెద్ద సంగీతాన్ని పేద చెవికి అలవాటు చేయాలని ఆయన పట్టుదల. టిక్కెట్టు ఒక్క షిల్లింగు. తినవచ్చు, తాగవచ్చు, చుట్ట కాల్చవచ్చు. పాట పాడేటప్పుడు మాత్రం అగ్గిపుల్ల గీయవద్దని బతిమాలేవారు. 1941లో జర్మను బాంబులకి ఆ హాలు నేలమట్టమయింది. అయినా కచేరీలు ఆగలేదు. ఆల్బర్ట్ హాలుకి మారాయి.

నేను వెళ్ళిన సాయంత్రం పాల్ లూయిస్ అనే ఆయన పియానో. ఆ ఏడు బీథోవెన్ రాసిన అయిదు పియానో కన్చెర్టోలూ ఆయనే వాయించాడు. కన్చెర్టో అంటే ఒక వాద్యం ముందు నడుస్తూంటే ఆర్కెస్ట్రా మొత్తం దానితో మాట్లాడడం అనుకోండి. నేను విన్నది నాలుగోది. 1808 డిసెంబరు 22న వియన్నాలో బీథోవెన్ తానే కూచొని దీన్ని జనానికి వినిపించాడు. అప్పటికే ఆయనకి చెవులు సరిగా వినిపించడం లేదు. ఆ రాత్రి గజగజ వణికించే చలిలో నాలుగు గంటలపైన సాగిన కచేరీలోనే అయిదో సింఫనీ, ఆరో సింఫనీ కూడా మొదటిసారి వినిపించాడు.

అంత పెద్ద వాద్యబృందం సిద్ధంగా ఉండగా, ఈ రచన పియానో ఒక్కదానితోనే మొదలవుతుంది. అదీ చాలా మెల్లిగా, వాకిట్లో నిలబడి లోపలికి రావచ్చునా అని అడిగినట్టు. నాకు ఆ సంగీతపు వ్యాకరణం ఒక్క ముక్క తెలియదు. రాగం వెదికాను, దొరకలేదు. తాళం వేయబోయాను, కుదరలేదు. పోనిమ్మని ఊరికే నిలబడ్డాను. ఇరవై నిమిషాల దాకా సాగిన మొదటి భాగం ఆర్భాటంగా ముగిసింది. నా ఒళ్ళు పులకరించింది. రెండు చేతులూ ఎత్తి గట్టిగా చప్పట్లు కొట్టాను.

అయిదువేల మంది ఉన్న హాలులో నా చప్పట్లే!

మూడో చప్పట్టుకి నాకే వినిపించింది. చేతులు గాలిలో ఆగిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. అంటేనే నయంగా ఉండేది. పక్కనున్న ముసలాయన మాత్రం నావైపు వంగి, "ఇంకా రెండు భాగాలున్నాయి నాయనా. అన్నీ అయ్యాక అందరం కలిసి కొడదాం" అని గుసగుసగా చెప్పాడు. ఇంగ్లీషులో నాయనా అనే మాట లేదు గాని ఆయన గొంతులో ఉంది.

ఆ అవమానంలో రెండో భాగం విన్నాను. తంత్రీవాద్యాలన్నీ కలిసి ఇంట్లో పెద్దవాళ్ళలా కటువుగా గద్దిస్తాయి. పియానో ఒక్కటీ తల వంచుకొని మెత్తగా బదులు చెబుతుంది. మళ్ళీ గద్దింపు. మళ్ళీ మెత్తని మాట. గొంతు పెంచదు. పోగా పోగా గద్దించే గొంతులే తగ్గి, చివరికి ఊరుకొంటాయి. అయిదారు నిమిషాలే. ఆ సేపు హాలులో ఎవరూ దగ్గను కూడా లేదు. నిశ్శబ్దం కూడా కచేరీలో ఒక వాద్యమేనని నాకు ఆ వేళ తెలిసింది.

ఇంకొకటి కూడా చూశాను. వేదిక వెనక గోడంతా నిండిన ఆర్గన్. పదివేలకి కాస్త తక్కువగా గొట్టాలు. మాడాళ్ళ ఎత్తున మెరుస్తున్నాయి. అది గొట్టాలతో పలుకుతుంది, మన హార్మోనియం ఇత్తడి రీడ్లతో పలుకుతుంది. రెండింటికీ ప్రాణం గాలే. హార్మోనియం కూడా 1840 ప్రాంతంలో పారిసులో డెబెన్ అనే ఆయన చేతిలో రూపం దిద్దుకొన్నదే. అక్కడనుంచి కలకత్తా చేరి, కాళ్ళు మడుచుకొని నేలమీద కూచొని, మన భజనల్లోకీ, నాటకాల్లోకీ వచ్చింది. పరాయిదని మన రేడియోవారు 1940లో వెలివేస్తే 1971దాకా బయటే ఉంది. అది పుట్టిన ఖండంలో నిలబడి, దాని పెద్దక్కను చూస్తున్నాను. నేనేమో దాన్ని పల్లెటూరి పెట్టె అనుకొని ఎన్నేళ్ళు చిన్నచూపు చూశాను!

* * *

మర్నాడు గ్రంథాలయంలో, నా చదువు పుస్తకాలు పక్కన పెట్టి, ఈ చప్పట్ల సంగతేమిటో చూద్దామని కూచొన్నాను. అసలు విషయం చదివితే నవ్వొచ్చింది. ఆ నిశ్శబ్దం అనాదిగా వస్తున్న ఆచారం కానే కాదు.

1778లో మోజార్ట్ పారిసులో ఒక సింఫనీ వినిపించాడు. మధ్యలో ఒకచోట జనం తప్పక చప్పట్లు కొడతారని ముందే ఊహించి రాశాడు. వాయిస్తూండగానే కొట్టారు. ఆ సంతోషంలో వెళ్ళి ఐస్‌క్రీము తిన్నానని తండ్రికి ఉత్తరం రాశాడు. 1813లో వియన్నాలో బీథోవెన్ ఏడో సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు, రెండో భాగం అయిపోగానే జనం మళ్ళీ వాయించమని పట్టుబట్టారు. వాయించారు కూడా! అంటే వన్స్‌మోర్ అన్నమాట. సంగీతశాలలో ఊపిరి బిగబట్టి కూచోవడమనేది 19వ శతాబ్దం గడిచేకొద్దీ అలవాటయిన మర్యాద.

మన నాటకాల్లో రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకొని, రాగాన్ని పైకి తీసుకుపోయి, అక్కడ నిలబెట్టి దింపితే, పందిరంతా వన్స్‌మోర్ అని లేచేది. షణ్ముఖి ఆంజనేయరాజుగారికీ, పీసపాటి నరసింహమూర్తిగారికీ జనం పట్టిన బ్రహ్మరథం మా నాన్నగారి తరంవారు కథలుగా చెప్పేవారు. ఈ రాగాల సాగదీత నాటకాన్ని చంపుతోందని బళ్ళారి రాఘవగారివంటి మహానటులు ఆనాడే కోప్పడ్డారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కాని నేను యం.ఏ. చదివేనాటికి నాకూ, నా స్నేహితులకీ ఆ న్యాయం అక్కరలేదు. ఎగతాళి చేయడానికి ఒక సాకు కావాలి, అంతే. పద్యనాటకమంటే మోటు. వన్స్‌మోర్ అంటే అనాగరికం. నాగరికులెవరో దూరదేశంలో నిశ్శబ్దంగా కూచొని వింటారు! ఆ నాగరికుల తాతలు బీథోవెన్‌కే వన్స్‌మోర్ కొట్టారని అప్పుడు మాకెవరు చెబుతారు?

* * *

ఆగస్టులో నాలుగో హెన్రీ రెండో భాగం చూడడానికి మళ్ళీ గ్లోబుకి వెళ్ళాను. ఈసారి నవ్వు తక్కువ. ఫాల్‌స్టాఫ్ ముసలివాడయ్యాడు. జబ్బులు వచ్చాయి. చివర్లో పాత రాజు పోయి, హాల్ రాజవుతాడు. ఆ కబురు వినగానే ఫాల్‌స్టాఫ్ రాత్రికి రాత్రి గుర్రమెక్కి, ప్రయాణపు మురికి బట్టలతోనే వచ్చి, ఊరేగింపు దారిలో జనంలో నిలబడతాడు. మా వాడు రాజయ్యాడని వాడి సంబరం. రాజు రాగానే చనువుగా కేక వేస్తాడు. రాజు గుర్తుపట్టనట్టు మాట్లాడతాడు. నలుగురి ఎదుటా బుద్ధి చెప్పి, తన దగ్గరికి పదిమైళ్ళ లోపు రావద్దని శాసించి సాగిపోతాడు.

అప్పుడు ఫాల్‌స్టాఫ్ ఏం చేస్తాడనుకొన్నారు? ఏడవడు, తిట్టడు. పక్కనున్న స్నేహితుడికి తాను బాకీపడ్డ వెయ్యి పౌన్ల మాట ఎత్తుతాడు. ఆ తరవాత, ఇదంతా పైకి నటన, రాత్రికి తనని చాటుగా పిలిపిస్తాడని సర్దిచెబుతాడు. తనను కాదన్న కుర్రవాడి పరువు తానే కాపాడుతున్నాడన్నమాట.

నా చుట్టూ ఏడువందలమంది నిలబడి ఉన్నారు. నాకు కాళ్ళలో బలం పోయింది. కూచోవడానికి వీల్లేదు.

మా మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, తెనాలి చుట్టుపక్కల నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. నేను విశాఖపట్నంలో యం.ఏ. చదువుతూండగా, 2001లో, అక్కడ ఏవో నాటక పోటీలకి సమాజంతో వచ్చాడు. రాత్రంతా రైల్లో నిలబడి, నలిగిన పంచెతో, ఒక చేత్తో ఈ పెట్టె, రెండో చేత్తో అమ్మ పంపిన సున్నుండల డబ్బా పట్టుకొని హాస్టలు వరండాలోకి వచ్చాడు. నేను స్నేహితులతో నిలబడి ఆధునిక కవిత్వం గురించి పెద్ద వాదంలో ఉన్నాను. "ఒరేయ్ అబ్బాయ్" అని పిలవబోయి, జనాన్ని చూసి ఆగాడు.

"ఎవరు గురూ, హార్మోనియం పెట్టెతో దిగాడు?" అన్నాడొకడు.

"మా ఊరాయన. ఏదో పని మీద వచ్చుంటాడు" అన్నాను.

మామయ్య విన్నాడు. రెండడుగుల దూరంలో ఉన్నాడు, వినకెక్కడికి పోతాడు? నావైపు ఒక్క క్షణం చూసి, పెట్టె కిందపెట్టి, డబ్బా నా చేతికిస్తూ, "ఈ ఊరు వస్తున్నానని తెలిసి అమ్మగారు ఇమ్మన్నారండీ. సాయంత్రం నాటకం ఉందండీ, వీలుంటే రండి" అన్నాడు.

అమ్మగారు! సొంత అక్కని. నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి, నన్ను అండీ అన్నాడు. నాటకాల్లో పుట్టి పెరిగినవాడు. ఎదుటివాడు మాట మార్చేస్తే, సీను చెడకుండా దాని ప్రకారం అందుకోవడం ఆయనకి అలవాటు. నేను ఇచ్చిన వేషం కాదనకుండా వేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేను నాటకానికి వెళ్ళలేదు. ఆ సంగతి ఆయన మా అమ్మకి చెప్పలేదు. ఆ తరవాత తొమ్మిదేళ్ళలో నాతో ఒక్కసారి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గ్లోబులో నాటకం అయిపోయి, నటులంతా వచ్చి ఆడుతూంటే, జనం చప్పట్లు కొడుతూంటే, నేను నదివైపు నడిచి వచ్చేశాను.

* * *

సెప్టెంబరులో తిరిగి వచ్చాను. ఇంటికి చేరిన మూడోనాడు మామయ్య ఊరు వెళ్ళాను. ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. నాటకాలు తగ్గాయి, ఉన్నవాటికి కీబోర్డులు వచ్చాయి. ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు. దగ్గు పట్టుకొంది. అరుగుమీద పడక కుర్చీలో కూచొని ఉన్నాడు. నేను తెచ్చిన చాక్లెట్ల పెట్టె తిప్పి తిప్పి చూసి, "పళ్ళు లేనివాడికి బాగానే తెచ్చావురా" అన్నాడు.

అనవలసిన మాటలు దారంతా కూడబలుక్కొని వెళ్ళాను. ఒక్కటీ నోట రాలేదు. చివరికి, "మామయ్యా, ఒకసారి హార్మోనియం వాయించవూ?" అన్నాను.

"ఇప్పుడు నీకు ఆ బుద్ధెందుకు పుట్టిందిరా?" అన్నాడు గాని, కళ్ళు పెట్టెవైపు తిరిగాయి. నేనే తీసి, తుడిచి, చాప పరిచాను. ఒకటి రెండు రీడ్లు పలకడం లేదు. వాటిని తప్పించుకొంటూ మోహనరాగం ఎత్తుకొన్నాడు. తరవాత రాయబారం పద్యం వరస. నోటితో పాడలేదు, దమ్ము లేదు. వేళ్ళతోనే పాడాడు. ఎక్కడ కృష్ణుడు నవ్వుతాడో, ఎక్కడ మాట గట్టిపడుతుందో, అన్నీ వినిపించాయి. చిన్నప్పటినుంచి వందసార్లు నా చెవిన పడిన వరసే. విన్నది మాత్రం ఆ వేళే.

వాయించడం ఆగింది. నేను కదలకుండా కూచొన్నాను. ఆల్బర్ట్ హాలులో నేర్చుకొన్న మర్యాద.

కాస్సేపు చూసి మామయ్య, "ఏరా, బాగాలేదా? ఉలుకూ పలుకూ లేదు?" అన్నాడు.

"బాగుండబట్టే మామయ్యా. అక్కడ పెద్ద కచేరీల్లో అలా ఊరికే వింటారు" అన్నాను.

"అదేం వినడంరా? వాయించేవాడికి ఎలా తెలుస్తుంది?"

నాకు జవాబు దొరకలేదు. గొంతు సవరించుకొన్నాను. వీధిలో వెళుతున్న ఇద్దరు ఆగి చూశారు. చూడనీ అనుకొని, గట్టిగా, పందిట్లో నేల టిక్కెట్టువాడు అరిచినట్టు, "వన్స్‌మోర్!" అన్నాను.

మామయ్య నా మొహంలోకి చూశాడు. ఆయన బోసినోట్లో నవ్వు కదిలింది. తిత్తి మీద చెయ్యి వేసి, తల కాస్త వంచి,

"అలాగేనండీ" అన్నాడు.